నలభై మూడో స్థానం

నేను ఇష్టపూర్వకంగా సేవ చేయాలని ఉత్తర్వు వచ్చింది.

పంపినది కొండప్రాంత సాహస వికాస మండలి. జోడుమెట్ట కొండ చుట్టూ పద్నాలుగు కిలోమీటర్ల సాహస పరుగు పెడుతున్నారట. మా మండలంలోని ఉపాధ్యాయులం, ఆరోగ్య సిబ్బంది, ఆఫీసు అటెండర్లు, అందరం దానికి స్వచ్ఛంద కార్యకర్తలమట. ఉత్తర్వు వెనకాల సమ్మతి పత్రం. అందులో రెండు గడులు. మొదటిది "ఇష్టమే." రెండోది "ఇష్టం లేదు: కారణాలను వైద్య ధ్రువపత్రంతో సహా తెలుపవలెను." ఇష్టం లేకపోవడం ఒక జబ్బని నాకు అంతవరకు తెలియదు. లెక్కల మాస్టారిగా ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏ డాక్టరూ నాకా జబ్బుందని రాసివ్వలేదు కాబట్టి మొదటి గడిలోనే సంతకం పెట్టాను.

మండలాఫీసులో శిక్షణ జరిగింది. కొండ ఎక్కడం మీద కాదు, దాహం తీర్చడం మీదా కాదు, కార్యక్రమ పత్రం మీద. ఆ పత్రం పెళ్లి శుభలేఖ కన్నా దళసరిగా, నున్నగా ఉంది. ఉదయం ఆరు గంటలకు ముఖ్య అతిథి జెండా ఊపుట. ఆరున్నరకు అంత్య కార్యకర్త బయలుదేరుట. ఎనిమిదికి రెండో కేంద్రంలో పరుగరులు నీరు త్రాగుట, ఫోటో. తొమ్మిదీ పదికి మూడో కేంద్రంలో గాయపడినవారికి ప్రథమ చికిత్స, ఫోటో. పదిన్నరకు కేంద్రాలు మూసి ముద్రలు అప్పగించుట. పన్నెండుకు ముఖ్య అతిథిచే బహుమతి ప్రదానం. ఒంటిగంటకు శామియానా విప్పుట.

మండలి ప్రత్యేకాధికారి మార్తాండరావు గారు ఆ పత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని చూపించారు. "ఇందులోని ప్రతి నిమిషమూ పైనుండి ఆమోదం పొందినది. ఆమోదం పొందిన నిమిషాన్ని కదిలించే అధికారం నాకే లేదు. ఏ నిమిషానికి ఆ ఫోటో ఎక్కకపోతే ఆ నిమిషం జరగనట్టే లెక్క."

"పరుగెత్తేవాళ్లు ఆలస్యమైతే ఏం చేయమంటారండీ?" అన్నాను. లెక్కల వాడికి సందేహాలెక్కువ.

"చూడండి త్రినాథ మాస్టారూ. పరుగరులు కార్యక్రమంలో ఒక భాగం. కార్యక్రమం పరుగరులలో భాగం కాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇప్పుడు ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పరుగుకు ముందురోజు సాయంత్రం వంతల రుక్మిణి మా బడికి వచ్చింది. కొండ మీద కాఫీ తోటల్లో కూలి చేస్తుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. నెత్తిన మిరియాల మూట పెట్టుకుని జోడుమెట్ట ఎక్కి దిగడం ఆమెకు రోజువారీ పని. ఆమె కూతురు సుమిత్ర మా ఎనిమిదో తరగతి. నేను నల్లబల్ల మీద తప్పు చేస్తే పట్టుకునే పిల్ల తరగతి మొత్తానికి అదొక్కతే. అయితే ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి తల్లి ఇటుక బట్టీలకు వలస పోతుంది, పిల్లనూ వెంట తీసుకుపోతుంది. వర్షాలు పడ్డాక తిరిగొచ్చిన పిల్లకు మేం మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెడతాం.

"మాస్టారూ, మొదటొచ్చినోళ్లు ఇక్కడోళ్లయితే కొండ మీద గైడు పని ఇస్తారంట, నిజమేనా?" అంది రుక్మిణి.

"పత్రంలో ఉంది. పర్యాటక కేంద్రంలో, నెల జీతం మీద."

"ఆ పనొచ్చిందంటే మరి బట్టీకి ఎల్లను. మా సుమిత్రి బడి మానదు." నవ్వింది. "పరిగెత్తడం నాకేటి కొత్త మాస్టారూ? మూట లేకండా ఎక్కమంటున్నారు, అంతే కదా."

ఆమె గెలుస్తుందని నాకు ఏ సందేహమూ లేదు. మిగతా నలభై ఇద్దరూ పట్నాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల బూట్లు చూస్తే భయమేసేది గాని వాళ్లకు కొండంటే ఫోటోల్లో చూసినదే.

మర్నాడు తెల్లవారే సరికి నేనూ, ఏఎన్ఎం లలితకుమారి గారూ కొండ నెత్తిన మూడో కేంద్రంలో ఉన్నాం. నా చేతిలో ఒక రబ్బరు ముద్ర, ఒక వాకీటాకీ. ఆవిడ చేతిలో మందుల పెట్టె. పరుగెత్తేవాళ్ల కార్డుల మీద నేను ముద్ర వేయాలి, ముద్ర లేని కార్డు చెల్లదు. దారంతా చెట్లకు కట్టిన ఎర్ర రిబ్బన్లు గాలికి ఊగుతున్నాయి. ఆ కొండలో దారులు కోడి కెలికినట్టుంటాయి, ఆ రిబ్బన్లు లేకపోతే తెలియనివాడు లోయలోకి దిగడం ఖాయం.

ఏడైంది. ఎవరూ రాలేదు. ఎనిమిదైంది. వాకీటాకీలో రెండో కేంద్రం వాళ్ల గొంతు వినిపించింది. "సార్, నీళ్లు తాగే ఫోటో టైమైంది, తాగడానికి ఒక్కరూ రాలేదు సార్."

మార్తాండరావు గారి గొంతు తొణకలేదు. "ముఖ్య అతిథి వారు దారిలో ఉన్నారు. ప్రారంభం వాయిదా పడినది. కార్యక్రమం వాయిదా పడలేదు. ఉన్నవారే నీరు త్రాగి ఫోటో పంపవలెను."

వాళ్లు తాగారు. ఏ కోణంలోనూ ఫోటో బాగా రాలేదని నాలుగు గ్లాసులు తాగారట. తొమ్మిదీ పదికి మా వంతు వచ్చింది. గాయపడినవారు ఎవరూ లేరని నేను వాకీటాకీలో విన్నవించాను.

"మీరున్నారు కదా" అన్నారు సారు.

లలితకుమారి గారు ఇబ్బందిపడుతూనే నా ఎడమ మోకాలికి కట్టు కట్టారు. నేను నొప్పి పడుతున్నట్టు మొహం పెట్టాను. మొదటి ఫోటోలో నొప్పి చాల్లేదని వెనక్కి కొట్టారు. రెండోసారి నిజంగానే బాధగా పెట్టాను, అది ఆమోదం పొందింది. పన్నెండు వరకు కట్టు విప్పవద్దని, గాయపడినవారి సంఖ్యలో తేడా వస్తుందని ఆదేశం.

పది కావస్తుండగా కింది నుంచి మనిషి అలికిడి అయింది. వచ్చింది మండలాఫీసు అటెండరు సింహాద్రి. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఆ కొండ కింది పల్లెలోనే ఇల్లు. ఆయనే అంత్య కార్యకర్త. అంటే అందరికన్నా వెనకబడినవాడి వెనకాల నడుస్తూ, ఎవరూ మిగిలిపోలేదని చూసుకుంటూ, రిబ్బన్లు విప్పుకుంటూ రావాల్సినవాడు. ఆయన భుజం మీద గోనెసంచి, దాని నిండా ఎర్ర రిబ్బన్లు.

"సింహాద్రీ, మరి పరుగెత్తేవాళ్లేరీ?"

"ఆళ్లక్కడే ఉన్నారు బాబూ, పందిట్లో కాళ్లు సాపుకొని. ఇంకా జెండా ఊపనేదు."

"వాళ్లు బయల్దేరకుండా నువ్వెలా బయల్దేరావయ్యా?"

"ఆరున్నరకి నాను బయల్దేరతన్నట్టు ఫొటో తీసీనారు బాబూ. ఫొటో తీసీసినాక ఆగితే బాగోదు గదా. ఆళ్ల కళ్లముందే మొదటి రిబ్బను ఇప్పినాను. ఒకాయన సప్పట్లు కూడా కొట్టినాడు."

నేను వాకీటాకీ అందుకుని అరిచాను. "సార్, దారి గుర్తులన్నీ విప్పేశారు! ఇప్పుడు జెండా ఊపితే వాళ్లంతా అడవిలో తప్పిపోతారు!"

కాసేపు గరగర శబ్దం. తరవాత మార్తాండరావు గారు నింపాదిగా అన్నారు. "తప్పిపోవుటకు కార్యక్రమంలో సమయం కేటాయించలేదు మాస్టారూ. పదిన్నరకు కేంద్రం మూసి ముద్ర తెచ్చి అప్పగించండి. లేనిచో ముద్ర దుర్వినియోగమైనట్టు భావించబడును."

సింహాద్రి తన కార్డు చాపాడు. అంత్య కార్యకర్త నిజంగా కొండ చుట్టాడని రుజువుకు ఆయనకూ కార్డిచ్చారు. రెండు కేంద్రాల ముద్రలు పడి ఉన్నాయి. నేను మూడోది వేశాను. ఆ పూట నేను వేసిన ముద్ర అదొక్కటే. తరవాత లలితకుమారి గారు పెట్టె సర్దగానే కొండ దిగిపోయాను. నేను అక్కడే కూర్చుని ఉండాల్సింది. ముద్ర పట్టుకుని, కట్టు కట్టిన మోకాలు చాపుకుని, మెమో ఇస్తే ఇచ్చుకోమని కూర్చోవాల్సింది. కూర్చోలేదు. నా సర్వీసు ఇంకా ఆరేళ్లుంది, ఆ ఆరేళ్లూ నన్ను చెయ్యి పట్టుకుని దింపేశాయి.

సింహాద్రి రిబ్బన్లు ఏరుకుంటూ వెనకబడ్డాడు. నేను గబగబా దిగి పందిరి చేరేసరికి పదకొండు నలభై. ముఖ్య అతిథి గారు అప్పుడే కారు దిగారు. దండలు, శాలువాలు నడుస్తున్నాయి. నేను సూటిగా గీత దగ్గర నిలబడ్డ రుక్మిణి దగ్గరికి పోయాను. ఉదయం అయిదు నుంచి ఆమె అక్కడే ఉంది. చెప్పుల్లేని కాళ్లు, నడుముకు బిగించిన నీలం చీర కొంగు.

"రుక్మిణీ, రిబ్బన్లు తీసేశారు."

"నాకు రిబ్బన్లెందుకు మాస్టారూ?" అంది. తరవాత పక్కన బూట్ల తాళ్లు బిగించుకుంటున్న వాళ్లను చూసింది. "మరి ఈళ్లకి?"

వాళ్లకు చెప్పబోయాను. ఆయాసం అడ్డొచ్చింది. అంతలో మైకులో సాహసం జాతికి వెన్నెముక అన్నారు, జెండా ఊపారు. పదకొండు నలభై అయిదుకు నలభై ముగ్గురూ కేరింతలు కొడుతూ ఎడమవైపు నుంచి అడవిలోకి దూసుకుపోయారు.

పదకొండు యాభై రెండుకు కుడివైపు నుంచి గోనెసంచితో సింహాద్రి వచ్చాడు.

ముఖ్య అతిథి గారికి పన్నెండూ ఇరవైకి వేరే ఊళ్లో వేరే ప్రారంభం ఉంది. పన్నెండుకు బహుమతి ప్రదానం. మార్తాండరావు గారు నుదురు తుడుచుకుంటూ వేదిక మెట్లు దిగారు. సింహాద్రిని చూశారు. సింహాద్రి చేతిలో కార్డు చూశారు. ఆయన ముఖంలో ఒక్కసారిగా వెలుగొచ్చింది.

"మూడు కేంద్రాల ముద్రలూ ఉన్నవి. నిర్ణీత సమయంలో గమ్యం చేరిన ఏకైక వ్యక్తి. పైగా స్థానికుడు!"

"అయ్యబాబోయ్, నాను పరిగెత్తనేదు బాబూ. రిబ్బన్లు ఏరుకొచ్చినాను" అన్నాడు సింహాద్రి, సంచి విప్పి చూపిస్తూ.

"అది మీ వినయం. వేదిక మీదికి రండి."

నేను మధ్యలోకి వెళ్లాను. "సార్, ఇది అన్యాయం. అసలు పందెం ఇప్పుడే కదా మొదలైంది!"

"మాస్టారూ, మీరు గాయపడినవారు. కూర్చోండి" అన్నారు నా కట్టు వైపు చూసి. ఇద్దరు కార్యకర్తలు వచ్చి నన్ను ఇష్టపూర్వకంగా కుర్చీలో కూర్చోబెట్టారు.

అలా సింహాద్రికి కప్పు, శాలువా ఇచ్చారు. ఎందుకిస్తున్నారో తెలియని ముఖ్య అతిథి గారు ఆయన వీపు తట్టి, ఈ వయసులో ఈ వేగం యువతకు ఆదర్శమన్నారు. సింహాద్రి కప్పును పక్కింటివాళ్ల పసిపాపను పట్టుకున్నట్టు భయంగా పట్టుకుని నిలబడ్డాడు. కార్లు వెళ్లిపోయాయి. ఒంటిగంటకు శామియానా విప్పారు. నీళ్ల డబ్బాలు ఎత్తారు. ఒంటిగంటన్నరకు గమ్యం అని రాసిన తోరణాన్ని మడిచి ట్రాక్టరులో వేశారు. మార్తాండరావు గారు తనే స్వయంగా మా వాకీటాకీలు లెక్కపెట్టి తీసుకున్నారు.

"నలభై ముగ్గురు అడవిలో ఉన్నారు సార్" అన్నాను.

"కార్యక్రమం ముగిసిన తరువాత అడవిలో ఉన్నవారు మా పరిధిలోకి రారు. అటవీశాఖకు లేఖ రాస్తాను" అని జీపెక్కారు. లేఖ రాశారు కూడా. అది నాలుగో రోజున చేరింది.

మైదానంలో నేను, సింహాద్రి, లలితకుమారి గారు మిగిలాం. రెండు గంటలకు రుక్మిణి వచ్చేస్తుందని నా లెక్క. రెండైంది, మూడైంది. నా లెక్క ఎన్నడూ అంత తప్పలేదు. సింహాద్రి కప్పును ఒళ్లో పెట్టుకుని "నాను ఇప్పకపోతే బాగుండును బాబూ" అని నాలుగుసార్లన్నాడు. మళ్లీ కట్టొద్దామని లేచి, సగం సంచి భుజానేసుకుని కొండెక్కడానికి బయల్దేరాడు కూడా. ఆ మోకాళ్లతో రెండో మలుపు దాటలేక తిరిగొచ్చాడు.

అయిదూ నలభైకి, పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా, కుడివైపు పొదల్లో కదలిక కనిపించింది. ఒకరి వెనక ఒకరు, వరసగా. బట్టలు చిరిగి, మోచేతులు గీసుకుపోయి. ఒకాయన కర్ర ఊతంగా కుంటుతున్నాడు. చివరన రుక్మిణి, వేళ్లు మడుస్తూ, లెక్కపెట్టుకుంటూ.

నేను జేబులోంచి సుద్దముక్క తీశాను. తోరణం ఉన్న చోట బండ మీద గీత గీశాను. పందెం పెట్టాక ఒక గీతైనా ఉండాలి కదా. కాగితం మీద వాళ్లు దాటిన వరసలో పేర్లు రాసుకున్నాను. రుక్మిణి గీతకు అవతలే నిలబడి, కర్ర ఊతం ఆయన కూడా దాటాక, వెనక్కి తిరిగి కొండను ఒకసారి చూసి, అప్పుడు దాటింది.

"ఏమైంది?" అన్నాను.

"నెత్తి మీదకి నానే ముందెక్కినాను మాస్టారూ. మీరు నేరు, ముద్రా నేదు. దిగుదామనుకున్నాను. లోయలోంచి కేకలు ఇనిపించినాయి." గుక్కెడు నీళ్లు తాగింది. "ఇన్నాక ఎలా దిగను? అందర్నీ ఏరి తేవడానికి పొద్దు గుంకీసింది."

పట్నం వాళ్లలో ఒకమ్మాయి రుక్మిణి చేయి పట్టుకుని ఏడ్చింది. లలితకుమారి గారు మందుల పెట్టె తెరిచారు. ఆ రోజు అది నిజంగా తెరవడం అదే మొదటిసారి. నేను జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాను. అది రుక్మిణికి సాక్ష్యంగా పనికొస్తుందనుకున్నాను. నా అంత తెలివితక్కువవాడు మండలంలో ఇంకొకడుండడు.

వారం తరవాత మండలి విచారణ జరిపింది. సింహాద్రి కప్పు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, తాను పందెంలో లేనని రాతపూర్వకంగా ఇచ్చాడు. బహుమతి ఇచ్చుటకు నిబంధన ఉన్నది గాని తిరిగి తీసుకొనుటకు లేదని కప్పు మళ్లీ ఆయన చేతిలోనే పెట్టారు. నేను నా జాబితా తీసి ఇచ్చి, నలభై ఇద్దరినీ దించుకొచ్చింది రుక్మిణేనని గంటసేపు వివరంగా చెప్పాను.

మార్తాండరావు గారు జాబితా అంతా శ్రద్ధగా చదివారు. "ఇది మీ దస్తూరీయేనా?"

"నాదేనండి."

"సంతకమూ మీదే. మంచిది. దీని ప్రకారం శ్రీమతి వంతల రుక్మిణి నలభై మూడో స్థానంలో ఉన్నారు. పాల్గొన్నవారు నలభై ముగ్గురు. చివరి స్థానం వచ్చిన వ్యక్తికి దారి చూపే ఉద్యోగం ఇస్తే మండలి పరువేం కావాలి?"

రుక్మిణికి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, చివరివారి వెనక నడిచినందుకు స్వచ్ఛంద సేవా ప్రశంసాపత్రం. రెండోది, అధీకృత గైడు కాకుండా నలభై ఇద్దరికి అడవిలో దారి చూపినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో. గైడు పోస్టును సింహాద్రికి అదనపు బాధ్యతగా అప్పగించారు. మెమోకు సంజాయిషీ నేను రాసిచ్చాను. "కేకలు వినిపించినందున" అని ఒకే ముక్క. చాలదని తిప్పి పంపారు.

జనవరి ఆఖరులో పైనుంచి పెద్దల బృందం వచ్చింది, ఆదర్శ సాహస మార్గాన్ని స్వయంగా నడిచి చూడటానికి. సింహాద్రి వాళ్లను మొదటి మలుపు దాకా తీసుకెళ్లి, అక్కడ చేతులు జోడించాడు. తనకు రిబ్బన్లు ఉంటేనే దారి తెలుస్తుందని, ఆ రిబ్బన్లు తనే విప్పానని నిజం చెప్పేశాడు. పెద్దలు బండల మీద కూర్చున్నారు. మార్తాండరావు గారు జీపులో బడికి వచ్చి, నన్ను ఎక్కించుకుని రుక్మిణి ఇంటికి బయల్దేరారు.

గుమ్మంలో రెండు మూటలు కట్టి ఉన్నాయి. బట్టీ లారీ మధ్యాహ్నం వస్తుందట. సుమిత్ర ఒక మూట మీద కూర్చుని నా లెక్కల పుస్తకంలోంచి ముందు పాఠాలు గబగబా నోటుబుక్కులోకి ఎక్కించుకుంటోంది. నేను ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

"అమ్మా రుక్మిణీ, కొండ మీదికి దారి చూపించాలి. పెద్దవారు వేచి ఉన్నారు. స్వచ్ఛందంగానే అనుకో" అన్నారు మార్తాండరావు గారు.

రుక్మిణి చేతిలోని తాడు ముడి బిగించింది. తరవాత ఎంతో మర్యాదగా అంది.

"నాకేటి తెలుస్తాది సారూ? నాను నలభై మూడోదాన్ని. మొదటొచ్చినోడ్ని అడగండి."

తిరిగి జీపెక్కాం. దారిలో మార్తాండరావు గారు నిట్టూర్చారు. "ఎంత చేసినా వీరిలో సేవాభావం పెంపొందించలేకపోతున్నాం మాస్టారూ."

మధ్యాహ్నం నాలుగో పీరియడ్‌లో రోడ్డు మీద లారీ పోయిన శబ్దం వినిపించింది. నల్లబల్ల మీద ఒక లెక్క తప్పు చేశాను. ఎవరూ పట్టుకోలేదు.

మార్చిలో వచ్చే ఏడాది పరుగుకు సమ్మతి పత్రాలు వచ్చాయి. ఈసారి రెండో గడిలో సంతకం పెట్టాను. ఇష్టం లేదు. కారణం అన్నచోట "వంతల సుమిత్ర, ఎనిమిదో తరగతి" అని రాశాను. పది రోజులకు పత్రం తిరిగొచ్చింది. కింద ఎర్ర సిరాతో మార్తాండరావు గారి దస్తూరీ.

"చూపిన కారణానికి వైద్య ధ్రువపత్రం జతపరచలేదు. కావున ఇష్టం ఉన్నట్లుగా పరిగణించడమైనది."